ఖాళీ నేల ఎవరిది? గునుగు బీడులో వయ్యారిభామ

బతుకమ్మ పండక్కి కొన్నాళ్ల ముందు చాలా ఊళ్లలో ఒక పని జరుగుతుంది. జేసీబీ వచ్చి దారికి రెండు పక్కలా పెరిగిన పిచ్చిమొక్కలన్నీ చెక్కేసి, ఆ మట్టిని గుట్టలుగా పోసి వెళ్లిపోతుంది. ఎర్రటి నేల తేలి దారి నున్నగా కనిపిస్తుంది. ఊరు శుభ్రపడిందని అందరికీ తృప్తి. ఒక మంచి వాన పడ్డాక మళ్లీ అదే దారిన వెళ్లి చూస్తే, బ్లేడు తగిలినంత మేర గీత గీసినట్టు ఒకటే మొక్క మొలిచి ఉంటుంది: వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. బ్లేడు తగలని కంచె మొదట్లో మాత్రం గునుగు, తుమ్మి, వెంపలి, గరిక ఎప్పటిలాగే కలగాపులగంగా ఉంటాయి.

మంచి మొక్కల మీద కలుపు దండెత్తి వాటిని తరిమేస్తుందని సాధారణంగా అనుకుంటాం. చాలా చోట్ల వరస వేరుగా ఉంటుంది. ముందు నేల ఖాళీ అవుతుంది. తర్వాత ఆ ఖాళీని ఎవరు ముందు అందుకుంటే వాళ్లదే రాజ్యం. వయ్యారిభామ గొప్పతనమంతా ఆ అందుకోవడంలోనే ఉంది. కాబట్టి అడవిపూల బీడును కాపాడాలంటే ఏది పీకాలన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. పీకిన చోట ఏం మొలవాలన్నది కూడా ముందే అనుకోవాలి.

బీడు అన్న మాటకే మనకు చిన్నచూపు. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు, పోరంబోకు, మహా అయితే గైరాను, అంటే ఊరుమ్మడి మేత నేల. జనం దృష్టిలో ఇంకా ఏ పనికీ రాని నేల. ఇంగ్లండ్ పచ్చిక బయళ్లతో పోలిస్తే దక్కన్ బీడు ఏడాదిలో సగానికి పైగా ఎండిపోయే ఉంటుంది. వానలు మొదలయ్యాక దానికి ప్రాణమొస్తుంది. భాద్రపదంలో ఒక గజం మేర ఎర్రచెలక గట్టును వంగి చూస్తే, నేలకు అంటుకుని నీలిరంగు విష్ణుక్రాంత, దాని పైన తెల్లటి తుమ్మి, పక్కన ఊదారంగు వెంపలి, మోకాలెత్తు గునుగు కంకులు కనిపిస్తాయి. గునుగు కంకి కొస గులాబీ రంగులో ఉంటుంది. కిందికి వచ్చేకొద్దీ వెలిసిపోయి వెండి తెలుపులోకి మారుతుంది. వీటన్నిటి మధ్య అక్కడక్కడ తంగేడు పొద. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఎంచుకున్న ఆ తంగేడును ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్లు పోయలేదు.

స్వదేశీ మొక్క మంచిది, విదేశీ మొక్క చెడ్డది అన్న లెక్క ఇక్కడ నిలవదు. బతుకమ్మలో గునుగు, తంగేడు పక్కన పేర్చే బంతిపూల పుట్టిల్లు మెక్సికో. గుమ్మడి కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చింది. దెబ్బ తగిలితే రక్తం ఆగడానికి పిల్లలు ఆకు నలిపి పూసుకునే గడ్డిచామంతి కూడా అక్కడిదే. వయ్యారిభామదీ అదే ప్రాంతం. బంతి, గడ్డిచామంతి, వయ్యారిభామ మూడూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు కూడా. ఒక ఇంటి నుంచి వచ్చిన వాళ్లలో ఒకరిని గౌరమ్మ పక్కన కూర్చోబెట్టుకున్నాం, ఒకరు గట్టు మీద ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నారు, ఇంకొకరు ఊరి మీద పడ్డారు. తేడా పాస్‌పోర్టులో లేదు, మొక్క నడవడికలో ఉంది.

ఆ నడవడిక సంగతి కాస్త వివరంగా చూడాలి. భారతదేశంలో వయ్యారిభామ మీద అందరి దృష్టీ పడింది 1950ల మధ్యలో, పుణె దగ్గర. అమెరికా నుంచి తెచ్చిన గోధుమలతో వచ్చిందని గట్టి నమ్మకం. కాంగ్రెస్ గడ్డి అన్న పేరు వెనక కథల్లో ఒకటి అదే, తెల్లటి పూలు ఖద్దరు టోపీల్లా ఉంటాయన్నది మరొకటి. అంతకు చాలా ముందే ఈ మొక్క దేశంలో ఉన్నట్టు పాత వృక్షశాస్త్ర రికార్డులు చెబుతున్నాయి. గోధుమల మీద మొత్తం నింద వేయడం కుదరదు గానీ, దేశమంతా పాకింది మాత్రం ఆ తర్వాతే.

గింజ మొలిచాక మొదటి కొన్ని వారాలు ఇది పైకి లేవదు. క్యారెట్ ఆకులాంటి ఆకులను చక్రంలా నేలకు పరుస్తుంది. జానెడు వెడల్పున్న ఆ చక్రం కింద ఇంకో గింజ మొలకెత్తినా దానికి వెలుగు అందదు. అంటే ఎదగడానికంటే ముందు జాగా పట్టుకుంటుందన్న మాట. తర్వాత కాండం లేచి, నెల రోజులు అటూ ఇటూ కాగానే సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లటి పూలు వేస్తుంది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 దాకా గింజలు రాలుస్తుంది. ఫలానా కాలంలోనే మొలవాలన్న నియమం దానికి లేదు, తడి ఉంటే చాలు. ఏడాదిలో మూడు నాలుగు తరాలు సులభంగా గడిచిపోతాయి. మట్టిలో లోతుగా పడ్డ గింజ కొన్నేళ్ల దాకా బతికే ఉంటుంది. దీనికి తోడు మొక్కలో ఉండే పార్థెనిన్ అనే పదార్థం చుట్టుపక్కల గింజలను మొలవనివ్వదు. చేదు కాబట్టి పశువులు ముట్టవు. పొరపాటున మేతలో కలిస్తే పాలకు చేదు వస్తుంది. మనుషులకు ఒళ్లంతా దురద, తోలు మందం కావడం, పుప్పొడితో తుమ్ములు, ఉబ్బసం.

ఆకు మాచిపత్రిలా ఉంటుంది కనుక వినాయక చవితి నాడు తెలియక పత్రిలోకి తెంపుకొచ్చే ప్రమాదం కూడా ఉంది. దగ్గరగా వాసన చూస్తే తేడా తెలుస్తుంది, మాచిపత్రికి ఉండే సువాసన దీనికి ఉండదు.

ఇన్ని బలాలున్న మొక్కకు ఒక బలహీనత ఉంది. అప్పటికే గడ్డి, పూలమొక్కలు దట్టంగా అల్లుకున్న నేలలో దాని పని అంత తేలిక కాదు. చక్రం పరచడానికి చోటు కావాలి. చోటు దొరికేది రోడ్డు పక్కన చెక్కిన మట్టిలో, ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్లలో, అతిగా మేపి బోడి చేసిన గైరానులో, పైపులైను తవ్వి పూడ్చిన చాళ్లలో. జేసీబీ ఆ చోటు ఇవ్వడంతో ఆగదు, టైర్లకు అంటిన మట్టితో ఒక ఊరి గింజలను ఇంకో ఊరికి చేరవేస్తుంది కూడా. శుభ్రం చేస్తున్నామనుకుని మనం చేస్తున్నది దుక్కి దున్ని విత్తడమే.

మరి పీకాలా వద్దా? పీకాలి, అయితే దానికో సమయముంది. మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డ రెండు మూడు వారాలకు చక్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. వాన వెలిసిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, చేతికి గ్లౌజులు వేసుకుని వేరుతో సహా లాగాలి. వేరు మొదలు తెగి నేలలో మిగిలితే అక్కడి నుంచే మళ్లీ చిగురిస్తుంది. పొడి నేలలో బలవంతంగా పీకే వాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే. పూత రాకముందు పీకిన మొక్క వల్ల లాభమే తప్ప నష్టం లేదు, పేడతో కలిపి గుంతలో వేస్తే మంచి కంపోస్టు అవుతుంది. పూత వచ్చాక పీకింది మాత్రం కంపోస్టు గుంతలో పడకూడదు, ఎరువుతో పాటు గింజలు కూడా చేనుకు చేరతాయి. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంచాలకాలయం ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ అవగాహన వారం జరిపిస్తుంది. మన దగ్గర ఆ వారం వచ్చేసరికి జూన్‌లో మొలిచినవి చాలా వరకు పూతకు వచ్చేసి ఉంటాయి. బ్యానర్ పట్టుకుని ఫొటో దిగే వారానికి, పీకాల్సిన వారానికి మధ్య దాదాపు రెండు నెలల తేడా ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. దట్టంగా ఉన్న చోట చూస్తే కసి పుట్టి అక్కడే మొదలుపెట్టాలనిపిస్తుంది. బీడు కాపాడేవాళ్లు దానికి ఎదురు వరసలో పనిచేయాలి. పూలు ఎక్కువగా, వయ్యారిభామ ఒకటీ అరా ఉన్న చోట ముందు పీకాలి. అక్కడ పీకిన చిన్న ఖాళీని చుట్టూ ఉన్న గరిక, గునుగు తామే కప్పేస్తాయి. అక్కడి నుంచి అంచుల వైపు జరగాలి. నిండా కమ్మేసిన చోట ఒక్కరోజులో అంతా పీకితే మళ్లీ బోడి నేల మిగులుతుంది, మట్టిలోని గింజలు దానికోసమే ఎదురుచూస్తుంటాయి.

కలుపు మందు కొట్టేస్తే పోదా అన్నది ప్రతి ఊళ్లో వినిపించే మాట. 2,4-డి కొడితే గడ్డి మిగులుతుంది, వెడల్పాటి ఆకుల మొక్కలన్నీ పోతాయి. అంటే వయ్యారిభామతో పాటు గునుగు, తుమ్మి, విష్ణుక్రాంత, తంగేడు మొలకలు కూడా పోతాయి. గ్లైఫోసేట్ అయితే గడ్డితో సహా అన్నీ. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమన్న సలహా చవకైనదే, ఇంటి గోడ పక్కన, సిమెంటు అంచుల్లో పనికొస్తుంది. పూల బీడులో కొడితే నేల చౌడు బారుతుంది. పంట పొలానికి తయారైన ఆయుధాలివి. పొలంలో కాపాడాల్సింది ఒక్క పైరునే, బీడులో కాపాడాల్సినవి పాతిక రకాలు.

పురుగు కథ ఇంకాస్త ఆశ కలిగిస్తుంది. 1980ల మొదట్లో మెక్సికో నుంచి జైగోగ్రామా అనే పెంకు పురుగును బెంగళూరుకు తెచ్చి, పరీక్షించి, 1984లో వదిలారు. లేత గోధుమ రంగు రెక్కల మీద ముదురు చారలతో ఉండే ఈ పురుగు, దాని లార్వాలు వయ్యారిభామ ఆకులను జల్లెడలా తినేస్తాయి. 1990ల మొదట్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు ఆకుల మీద కూడా కనిపించిందని పెద్ద గొడవ అయింది, తర్వాత విచారణలో అది పంటకు పెద్ద ముప్పు కాదని తేల్చారు. దాని పరిమితి వేరే ఉంది. వానలు వచ్చాక గాని అది మట్టిలోంచి బయటికి రాదు, చలికాలంలో మళ్లీ మట్టిలోకే పోతుంది. నీటి వసతి ఉన్న చోట ఏడాది పొడవునా మొలిచే మొక్కను ఏడాదిలో కొన్ని నెలలే పనిచేసే పురుగు పూర్తిగా ఆపలేదు. అయితే తిన్న మొక్క తక్కువ పూస్తుంది, ఆలస్యంగా పూస్తుంది. పక్కనున్న గునుగుకు ఆ ఆలస్యమే చాలు. కాబట్టి ఆకుల మీద ఈ చారల పురుగు కనిపిస్తే తెలియక మందు కొట్టి చంపకుండా ఉంటే మేలు.

ఖాళీ నింపడం అన్న మాటకు తిరిగి వస్తే, జబల్‌పూర్ సంస్థ ఎప్పటి నుంచో చెబుతున్న సలహాల్లో ఒకటి తగిరిస. కొన్ని చోట్ల తంటెం అంటారు, లేత ఆకు కూర వండుకునే వాళ్లూ ఉన్నారు. వానాకాలం ముగిసి కాయలు ముదిరాక గింజలు ఏరి పెట్టుకుని, తొలి వానలకు ముందు వయ్యారిభామ జాగాలో దట్టంగా చల్లితే, వానాకాలంలో అది ముందుగా కమ్ముకుని రెండో దాన్ని అణిచేస్తుంది. బంతి కూడా అలాగే పనిచేస్తుంది. మెక్సికో మొక్కను మెక్సికో మొక్కతోనే ఆపడం. అయితే తగిరిస కూడా ఒంటరిగా రాజ్యమేలే రకమే. రోడ్డు పక్క చెక్కిన పట్టీలో, చెత్తకుప్పల అంచున, వెంచర్ హద్దుల్లో చల్లడం తెలివైన పని. గునుగు బీడు మధ్యలో చల్లితే ఒక ఏకపంట పోయి ఇంకో ఏకపంట వచ్చినట్టే. బీడు లోపల ఖాళీలకు ఆ బీడు గింజలే కావాలి. గడ్డి ముదిరాక పక్క గట్టు నుంచి కోసుకొచ్చి ఆ ఖాళీ మీద పలచగా పరిస్తే, గింజలు తామే రాలుతాయి, పైన గడ్డి ఎండను ఆపుతుంది. కొనేది ఏమీ లేదు.

చెట్టు రూపంలో వచ్చే ముప్పు మరో రకం. 1877లో జమైకా నుంచి తెచ్చిన గింజలను కడప జిల్లా కమలాపురం దగ్గర నాటారు. వంటచెరకు కోసం, ఎండిన నేలను పచ్చగా చేయడం కోసం. అదే ఇవాళ ఊరూరా కనిపించే సర్కారు తుమ్మ, పేరులోనే దాన్ని నాటిందెవరో ఉంది. తియ్యటి కాయలు పశువులు ఇష్టంగా తింటాయి, గట్టి గింజలు పేడలో పడి ఎరువుతో సహా మొలుస్తాయి. నేలమట్టానికి నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది, నేలలోపల అడుగు లోతున వేరు మొదలు తీస్తే గాని చావదు. రాయలసీమలో దాని బొగ్గు మీద, కట్టె మీద బతికే కుటుంబాలున్నాయి కాబట్టి, కంప అంతా రాత్రికి రాత్రి పోవాలనడం ఏసీ గదిలో కూర్చుని చెప్పే మాట. పూలు, గడ్డి ఇంకా మిగిలి ఉన్న జాగాలోకి రాకుండా చూసుకుంటే చాలు. మొలక చూపుడు వేలంత ఉన్నప్పుడు ఒక్క గుంజుతో వస్తుంది, మూడేళ్లకు పొక్లెయిన్ కావాలి.

నల్లమల, కవ్వాల్ అడవుల్లో లాంటానాదీ ఇదే తీరు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్. బాబు బృందం చూపించిన పద్ధతి, పొదను పైన నరకడం కాకుండా మట్టి కింద వేరు మొదలు తెంచి, తలకిందులుగా పడేసి ఎండనివ్వడం. తర్వాత అదే చోట స్థానిక గడ్డి పెంచడం అందులో విడదీయరాని భాగం. చాలా చోట్ల మొదటి సగానికే బడ్జెట్ దొరుకుతుంది.

ఏమీ చేయకుండా కంచె వేసి వదిలేస్తే పూలు వాటంతటవే బాగుంటాయన్న నమ్మకం కూడా అంతే ప్రమాదం. ఉత్తరాఖండ్‌లోని పూల లోయనే చూడండి. 1982లో జాతీయ ఉద్యానవనం చేసి మేకలు, గొర్రెల మేపును ఆపేశారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఈలోగా అక్కడివాళ్లు అమేలా అని పిలిచే నిలువెత్తు మొక్క లోయలో పెద్ద పెద్ద పట్టీలుగా కమ్ముకుని చిన్న పూలమొక్కలకు వెలుగు లేకుండా చేసింది. అటవీశాఖ ఏటా కూలీలను పెట్టి పీకిస్తోంది. మేపు ఆపడం వల్లే ఇది పెరిగిందని ఒక వాదన, కొండచరియలు, పాత మంద దొడ్ల ఎరువు నేల కారణమని మరో వాదన. అది ఇంకా తేలలేదు. ఆసక్తికరమైన విషయమేంటంటే అమేలా విదేశీ మొక్క కాదు, హిమాలయాల్లోనే పుట్టింది. యూరోపియన్ యూనియన్ 2022లో దాన్ని తన ప్రమాదకర మొక్కల జాబితాలో చేర్చింది.

మన బీడుకు దీన్నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. గొర్రెలు, పశువులు శత్రువులు కావు, వాటిని ఎప్పుడు వదులుతామన్నదే లెక్క. వానాకాలమంతా మేపితే గునుగు కంకి వేయకముందే పోతుంది, నేల బోడి అవుతుంది, చేదు కాబట్టి వయ్యారిభామ ఒక్కటే మిగులుతుంది. అసలు మేపకుండా వదిలేస్తే బోద గడ్డి ఎత్తుగా పెరిగి పడిపోయి, ఆ మందపాటి పొర కింద విష్ణుక్రాంత లాంటి నేలబారు పూలు ఊపిరాడక చస్తాయి. గింజలు రాలాక, అంటే సంక్రాంతి దాటాక మందను వదలడం, లేదా గడ్డి కోసి బయటికి తీసుకెళ్లడం నడిమధ్య దారి. కోసిన గడ్డిని అక్కడే కుళ్లనిస్తే నేల బలపడుతుంది, బలమైన నేలలో గెలిచేది కలుపే. చెలక పూలకు పేదనేలే సుఖం. తంగేడును పశువులు దాదాపు ముట్టవు కాబట్టి దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇక గునుగు సంగతి. ఇది రైతుకు కలుపే. జొన్న, పత్తి చేలల్లో గునుగు తీయడానికి కూలి పెట్టుకున్నవాళ్లే పండగ తొమ్మిది రోజులూ దానికోసం పొద్దున్నే బయల్దేరతారు. చేలల్లో కలుపు మందు వాడకం పెరిగాక, అందులోనూ కలుపు మందును తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనం వచ్చాక, గునుగుకు మిగిలింది గట్లు, బీళ్లు, కుంటల కట్టలు. అక్కడ కూడా పండగ వారంలో నగరాల మార్కెట్లకు మోపులు మోపులుగా కోసుకుపోతున్నారు. తంగేడు పొద, కొమ్మ విరిస్తే మళ్లీ వేస్తుంది. గునుగు ఒక్క ఏడాది మొక్క, గింజ రాలకపోతే దాని వంశం అక్కడితో సరి. వేరుతో పీకి, కట్టలు కట్టి లారీ ఎక్కించిన బీడులో మిగిలేది మళ్లీ ఖాళీ నేలే, ఈసారి జేసీబీ అవసరం కూడా లేకుండా.

దీనికి విరుగుడు మొక్కలోనే ఉంది. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది. పండగ నాటికి కొసన ఇంకా గులాబీ రంగు ఉన్నా, బాగా సాగిన కంకిలో కింది భాగం అప్పటికే గింజ పట్టి ఉంటుంది. ఎండిన ఆ కింది భాగాన్ని బొటనవేలితో అరచేతిలో నలిపితే ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు పొట్టుతో సహా రాలతాయి. పూలు కోసేవాళ్లు మొక్కను పీకకుండా కంకిని కొడవలితో కోసి, ప్రతి మూడింటిలో ఒక మొక్కను వదిలేసి, కోసిన వాటి కింది భాగాన్ని అక్కడికక్కడే నలిపి బీడులో చల్లేస్తే పట్టే సమయం ఒక్కో గుప్పెడుకు అర నిమిషం. బతుకమ్మ పేర్చడానికి కావాల్సింది ఎలాగూ పై భాగమే. జూన్‌లో వయ్యారిభామ చక్రాలు పీకిన గుర్తులు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లయితే, ఆ గింజలను సరిగ్గా అక్కడే చల్లుతారు.